ఒకే రాత్రి పోయిన దీపాలు, ప్లగ్ పాయింట్లు: ఒక ట్రావెల్ ట్రైలర్ కేసు

సంక్రాంతి దాటిన ఆదివారం ఉదయం ఏడున్నరకు ఫోను మోగింది. డాలస్‌కు ఉత్తరాన, డెనిసన్ దగ్గర టెక్సోమా సరస్సు ఒడ్డున ట్రైలర్ నిలుపుకున్న ఒక తెలుగు కుటుంబం. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, నరసరావుపేట వైపు నుంచి కొడుకును చూడటానికి వచ్చిన తండ్రి. సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ స్మారక దినం సెలవు కావడంతో మూడు రోజులు గడపడానికి వెళ్లారు. శనివారం రాత్రి ఉత్తరపు గాలి తిరిగి, చలి ఒక్కసారిగా గడ్డకట్టే స్థాయికి దిగింది.

"అన్నగారూ, రాత్రి నుంచి లైట్లు లేవు, ప్లగ్ పాయింట్లు లేవు. అన్నీ ఒకేసారి పోయాయి. కానీ మైక్రోవేవ్ మాత్రం పనిచేస్తోంది" అన్నాడు ఆ ఇంటాయన.

నేను డాలస్ చుట్టుపక్కల ట్రైలర్ల కరెంటు మరమ్మతులు చేస్తాను. అంతకు ముందు విశాఖపట్నంలో ఒక కర్మాగారంలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లో పనిచేశాను. ఆయన చెప్పిన మూడు మాటల్లో మైక్రోవేవ్ మాట చాలా విలువైనది. "ఒకేసారి" అన్న మాట నన్ను తప్పుదారి పట్టించింది. ఆ దారిలో నేను ఎంత దూరం వెళ్లానో కూడా ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఫోనులో నేను ఇచ్చిన సలహా వల్ల ఆ కుటుంబానికి ఒక పూట వృథా అయింది.

ట్రావెల్ ట్రైలర్ అంటే పికప్ ట్రక్కు వెనుక తగిలించుకుని తీసుకెళ్లే చిన్న ఇల్లు. ఆ ఇంటి గోడల్లో రెండు కరెంటు వ్యవస్థలు పక్కపక్కనే ఉంటాయి. మొదటిది 120 వోల్టుల ఏసీ. విడిది స్థలంలో ఉండే కరెంటు స్తంభం నుంచి లావుపాటి కేబుల్ ద్వారా లోపలికి వస్తుంది. గోడ ప్లగ్ పాయింట్లు, మైక్రోవేవ్, ఏసీ యంత్రం దీని మీద నడుస్తాయి. రెండోది 12 వోల్టుల డీసీ. ట్రైలర్ ముందు భాగంలో ఉండే బ్యాటరీ నుంచి వస్తుంది. దీపాలు, నీటి పంపు, లోపల వెచ్చబరిచే గ్యాస్ ఫర్నేస్ ఫ్యాను, గ్యాస్ లీకు అలారం, చివరికి ఫ్రిజ్ కంట్రోల్ బోర్డు కూడా దీని మీదే బతుకుతాయి. ఈ రెండింటి మధ్య ఉన్న ఒకే ఒక్క వంతెన కన్వర్టర్. అది 120 వోల్టులు తీసుకుని దాదాపు 13.6 వోల్టుల డీసీ ఇస్తుంది, దీపాలను నడుపుతూనే బ్యాటరీని నింపుతుంది.

కాబట్టి దీపాలు పోవడం ఒక ఫిర్యాదు, ప్లగ్ పాయింట్లు పోవడం మరో ఫిర్యాదు. రెండూ కలిసి పోతే సాధారణంగా మొదట అనుమానించాల్సింది బయటి నుంచి వచ్చే కరెంటునే. అయితే మైక్రోవేవ్ నడుస్తోంది. అంటే స్తంభం, కేబుల్, మెయిన్ బ్రేకర్ మూడూ బాగున్నాయి. ఉమ్మడి కారణం అక్కడితో కొట్టుకుపోయింది. ఫోను పెట్టేయకముందే నేను ఈ మాట పట్టుకుని ఉండాల్సింది.

నేను పట్టుకున్నది వేరే. ట్రైలర్‌లో ప్లగ్ పాయింట్లన్నీ కలిసి పోయాయంటే చాలాసార్లు కారణం బాత్రూములో ఉన్న జీఎఫ్‌సీఐ పాయింట్. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయో లేదో చూస్తూ, 5 మిల్లీ ఆంపియర్ల దగ్గర తేడా కనిపిస్తే చాలు సరఫరా ఆపేసే పరికరం అది. మన ఇళ్లలో మెయిన్ దగ్గర పెట్టే ఆర్‌సీసీబీకి చిన్న తమ్ముడు అనుకోవచ్చు. వంటగదిలోనివి, ట్రైలర్ బయట గోడకున్నది, ఇలా చాలా పాయింట్లు దాని వెనకే గొలుసుగా ఉంటాయి. అందుకే రీసెట్ మీట నొక్కమన్నాను. నొక్కితే నిలవడం లేదన్నాడు. తీగను తాకకుండానే కరెంటు ఉంటే కీచుమనే పెన్ టెస్టర్ ఉందా అని అడిగాను. ఉంది. పెట్టి చూస్తే కీచుమంది. కరెంటు అక్కడిదాకా వస్తోంది, మీట నిలవడం లేదు, కనుక జీఎఫ్‌సీఐ పాడయింది అన్నాను. ఆయన డెనిసన్ వెళ్లి కొత్తది కొనుక్కొచ్చి, బ్రేకర్ ఆపి, జాగ్రత్తగా బిగించాడు. పదకొండు గంటలకు మళ్లీ ఫోను. కొత్తదీ నిలవడం లేదు.

అప్పుడు కారు తీశాను.

దారిలో ఆ పెన్ టెస్టర్ కీచు గురించే ఆలోచించాను. ఆ పెన్ను కరెంటు పారుతోందని చెప్పదు. దగ్గరలో విద్యుత్ క్షేత్రం ఉందని మాత్రమే చెబుతుంది. వెళ్లే దారి తెరిచి ఉండి, తిరిగొచ్చే దారి తెగిపోయినా అది కీచుమంటుంది. ఇటీవలి జీఎఫ్‌సీఐలు చాలావరకు తమకు ఫేజు, న్యూట్రల్ రెండూ అందకపోతే రీసెట్ కావు, ఎందుకంటే లోపలి ఎలక్ట్రానిక్ బోర్డుకే ప్రాణం ఉండదు. పెన్ను కీచుమంటుంది, మీట నిలవదు, కొత్తది పెట్టినా అంతే. ఈ మూడూ కలిపి చదివితే న్యూట్రల్ తెగిందన్న అనుమానం ఫోనులోనే రావాలి. నాకు దారిలో వచ్చింది.

అక్కడికి చేరేసరికి రెండయింది. పెద్దాయన ఉన్ని శాలువా కప్పుకుని ట్రక్కులో పిల్లలతో కూర్చున్నారు. ట్రైలర్ తలుపు పట్టుకోబోతున్న పెద్దబ్బాయిని ఆపి, ముందు నా పని చేశాను. తడి నేలలో ఒక పొడవాటి స్క్రూడ్రైవర్ గుచ్చి, దానికీ ట్రైలర్ లోహపు ఒంటికీ మధ్య మీటరు పెట్టాను. అర వోల్టు కూడా లేదు. ప్రతి ట్రైలర్ దగ్గరా నేను ముందు చేసేది ఇదే. ట్రైలర్ రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుంది. స్తంభం నుంచి వచ్చే ఎర్త్ తెగి, లోపల ఎక్కడో ఫేజు ఒంటికి తగిలితే, ఆ లోహం మొత్తం 120 వోల్టుల మీద ఉంటుంది. లోపల నిలబడినవాళ్లకు తెలియదు. తడి నేల మీద కాలు పెట్టి తలుపు పట్టుకున్నవాళ్లకు తగులుతుంది. మైక్రోవేవ్ పనిచేస్తోందని ఈ పరీక్ష మానకూడదు.

తర్వాత స్తంభం. ఇది 30 ఆంపియర్ల ట్రైలర్. ఫేజు నుంచి న్యూట్రల్‌కు 119, ఫేజు నుంచి ఎర్త్‌కు 119, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కు 0. సరిగ్గా ఉంది.

ఈ 30 ఆంపియర్ల సాకెట్ గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ట్రైలర్ కొన్న మనవాళ్లు చాలామంది ఇంటి పక్కన నిలుపుకోవడానికి ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఈ సాకెట్ పెట్టించుకుంటున్నారు. మూడు పిన్నులు, 30 ఆంపియర్లు అనగానే కొందరు బట్టలు ఆరబెట్టే డ్రయ్యర్ సాకెట్ అనుకుని 240 వోల్టులు ఇచ్చేస్తారు. ట్రైలర్‌కు కావలసింది 120 మాత్రమే. తగిలించిన క్షణంలో మైక్రోవేవ్, కన్వర్టర్, ఏసీ యంత్రం బోర్డు కాలిపోతాయి. కొత్త సాకెట్ పెట్టించుకుంటే ట్రైలర్ తగిలించే ముందు మీటరుతో ఒక్కసారి చూసుకోండి.

లోపల బ్రేకర్లుండే ప్యానెల్ మూత తీశాను. ప్లగ్ పాయింట్ల 20 ఆంపియర్ల బ్రేకర్ నుంచి న్యూట్రల్ పట్టీకి 119. పట్టీ మీది స్క్రూలన్నీ బిగుతుగానే ఉన్నాయి. ప్యానెల్ వరకు తప్పు లేదు. బాత్రూముకు వెళ్లి, ఆయన ఉదయం బిగించిన కొత్త జీఎఫ్‌సీఐ బయటికి లాగి, దానికి కరెంటు వచ్చే తీగల మీద మీటరు పెట్టాను. ఫేజు నుంచి ఎర్త్‌కు 119. ఫేజు నుంచి న్యూట్రల్‌కు 2. న్యూట్రల్ నుంచి ఎర్త్‌కు 117.

ఈ మూడో అంకె చూడగానే చేయి వెనక్కి తీసుకున్నాను. న్యూట్రల్ తీగ మీద 117 వోల్టులు ఉన్నాయి. అదే గొలుసులో మంచం పక్కన రెండు ఫోను చార్జర్లు ప్లగ్గులో అలాగే ఉన్నాయి. ఫేజు వాటి గుండా న్యూట్రల్‌లోకి దిగి, వెనక్కి వెళ్లే దారి లేక అక్కడే నిలిచిపోయింది. తెల్ల తీగ కదా, ఏమీ కాదులే అని వేలు పెడితే షాక్ కొడుతుంది. అప్పుడు కాపాడాల్సిన జీఎఫ్‌సీఐకి ప్రాణమే లేదు. చార్జర్లు తీయించాను. ఆ 117 పడిపోయి, మీటరులో అంకెలు నిలకడ లేకుండా తిరగసాగాయి. తెగిన న్యూట్రల్ అని ఖాయమైంది.

పెద్దాయన ట్రక్కు దిగి వచ్చి గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. "న్యూట్రల్ పోయిందా బాబూ? మా వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తెగితే అందరి టీవీలూ కాలిపోయాయి. వీళ్లకేమీ కాలేదే" అన్నారు. చాలా మంచి ప్రశ్న. మన ఊళ్లలో ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మూడు ఫేజులు, ఒక న్యూట్రల్ వస్తాయి. ఒక్కో ఇంటికి ఒక్కో ఫేజు. ఉమ్మడి న్యూట్రల్ తెగితే ఒక ఇంటి కరెంటు మరో ఇంటి సామాన్ల గుండా తిరుగు దారి వెతుక్కుంటుంది. తక్కువ వాడకం ఉన్న ఇంటికి 230కి బదులు 300 పైచిలుకు వోల్టులు కూడా చేరతాయి. 30 ఆంపియర్ల ట్రైలర్‌లో ఉన్నది ఒకే ఫేజు. న్యూట్రల్ తెగితే అన్నీ ఆగిపోతాయి తప్ప వోల్టేజి పెరగదు. కానీ పెద్ద ట్రైలర్లకు వచ్చే 50 ఆంపియర్ల కనెక్షన్‌లో 120 వోల్టుల ఫేజులు రెండుంటాయి, రెండింటి మధ్య 240. అక్కడ మెయిన్ న్యూట్రల్ వదులైతే జరిగేది అచ్చంగా ఆయన వీధిలో జరిగిందే. ఆయన తల పంకించి, "అయితే ఇది ఒంటి ఫేజు బండి" అన్నారు. అంతకంటే బాగా నేను చెప్పలేను.

ఇక తెగింది ఎక్కడ? ప్యానెల్‌కూ బాత్రూముకూ మధ్య గోడల్లో ఎన్ని పాయింట్లున్నాయో, ఏది ముందో చెప్పే పటం ఆ ట్రైలర్‌కు లేదు. చాలా ట్రైలర్లకు ఉండదు. ఒక్కొక్కటీ విప్పుకుంటూ వెళ్లవచ్చు. దానికి బదులు పొద్దున అడగని ప్రశ్న అప్పుడు అడిగాను. పోయే ముందు చివరగా ఏమి నడుస్తోంది?

"హీటర్ అన్నగారూ. రాత్రి ఒంటిగంటన్నర నుంచి మంచం పక్కన పెట్టుకున్నాం. తెల్లారేసరికి ఆగిపోయింది. కాస్త వాసన కూడా వచ్చింది" అంది ఆయన భార్య.

మంచం పక్క పాయింట్ పైపలక అంచు కొద్దిగా పసుపెక్కి ఉంది. వంగి వాసన చూస్తే చేప కుళ్లినట్టు ఘాటుగా ఉంది. వేడెక్కిన ప్లాస్టిక్‌కు ఒక్కోసారి అలాంటి వాసనే వస్తుంది. స్తంభం దగ్గర బ్రేకర్ ఆపి, కేబుల్ పీకి పక్కన పెట్టి, మీటరుతో మళ్లీ చూసుకుని, పాయింట్‌ను గోడ నుంచి బయటికి తీశాను.

ఇళ్లలో ప్లగ్ పాయింట్ వెనుక ఒక పెట్టె ఉంటుంది, తీగలను స్క్రూలతో బిగిస్తారు. ట్రైలర్లలో గోడ పలచన, బరువు తగ్గాలి, కట్టే వేగం ముఖ్యం. అందుకని పెట్టె లేకుండా పాయింట్, మూత ఒకే వస్తువుగా వచ్చే రకం వాడతారు. అందులో స్క్రూ ఉండదు. లోపల కత్తిమొన లాంటి చీలికలున్న చిన్న ఇత్తడి ఫోర్కులు ఉంటాయి. తీగను పై తొడుగుతో సహా వాటిలోకి ఒత్తి, వెనుక మూత టక్కున బిగించేస్తారు. ఫోర్కు తొడుగును కోసుకుని రాగిని పట్టుకుంటుంది. ట్రైలర్లలో వాడటానికి నిబంధనలు దీన్ని అనుమతిస్తాయి. ఫోను చార్జర్‌కు, దీపానికి ఇది చాలు. అయితే రోడ్డెక్కిన ప్రతిసారీ ట్రైలర్ మొత్తం ఊగుతుంది, అదురుతుంది. ఆ పట్టు ఏళ్ల తరబడి ఒకేలా ఉండదు.

మూత ఊడదీసేసరికి ఫేజు వైపు నల్ల తీగ మామూలుగా ఉంది. న్యూట్రల్ వైపు, ప్యానెల్ నుంచి వచ్చే తెల్ల తీగ తొడుగు ముదురు బెల్లం పాకం రంగుకు తిరిగి, ఫోర్కు చుట్టూ పొంగి గట్టిపడింది. గోటితో తాకితే పెళుసుగా రాలింది. లోపల రాగి నలుపు. ఫోర్కు ఒక కొన కరిగి వంగి, రాగికీ దానికీ మధ్య సన్నని సందు. ఆ సందు దగ్గరే ట్రైలర్‌లో ప్లగ్ పాయింట్లన్నీ ఆగిపోయాయి. ఇంకో రెండు గంటలు హీటర్ నడిచి ఉంటే ఆ వెనకున్న పలచని ప్లైవుడ్, దాని వెనకున్న ఇన్సులేషన్ అంటుకునేవేమో. పిల్లలు పడుకున్న మంచానికి ఆ చోటు అడుగు దూరం.

హీటర్ 1500 వాట్లది. 120 వోల్టుల మీద అది 12.5 ఆంపియర్లు. వదులైన ఆ పట్టు దగ్గర నిరోధం ఒక ఓమ్‌లో పదో వంతు అనుకుందాం. కరెంటును కరెంటుతో గుణించి నిరోధంతో గుణిస్తే దాదాపు 15.6 వాట్లు. బియ్యపు గింజంత చోట. చిన్న సోల్డరింగ్ ఐరన్‌కు ఉండేది ఇంత వేడే. దాన్ని ప్లాస్టిక్ లోపల పెట్టి నాలుగు గంటలకు పైగా వదిలేసినట్టయింది. వేడికి పట్టు ఇంకా వదులవుతుంది, నిరోధం పెరుగుతుంది, మరింత వేడెక్కుతుంది.

బ్రేకర్ ఎందుకు పడలేదని ఆయన అడిగాడు. బ్రేకర్ చూసేది 20 ఆంపియర్లు దాటాయా లేదా అని. ఇక్కడ ఎప్పుడూ 12.5 దాటలేదు. జీఎఫ్‌సీఐ చూసేది కరెంటు పక్కదారి పట్టిందా అని. ఇక్కడ వెళ్లినదంతా తిరిగొచ్చింది. ఫ్యూజు, బ్రేకర్, జీఎఫ్‌సీఐ, ఏ కాపలాదారు కంటికీ వదులు పట్టు కనిపించదు. ముక్కుకు కనిపిస్తుంది, అరచేతికి కనిపిస్తుంది. హీటర్ పెట్టిన అరగంటకు ప్లగ్గు మీద చేయి ఆనించి చూడటం అందుకే.

పెట్టె లేని ఆ రకాన్ని మళ్లీ పెట్టడానికి నాకు మనసొప్పలేదు. కాలిన తీగను మంచి రాగి కనిపించే వరకు కోశాను. లోతు తక్కువున్న పెట్టె ఒకటి గోడలో అమర్చి, స్క్రూలతో బిగించే మామూలు పాయింట్ పెట్టాను. వచ్చే తెల్ల తీగ, ముందుకు వెళ్లే తెల్ల తీగ, పాయింట్‌కు చిన్న తోక తీగ, ఈ మూడింటినీ ఒక వైర్ నట్‌లో, అంటే తీగల కొనలను కలిపి బిగించే చిన్న టోపీలో, కలిపాను. ఇలా చేస్తే రేపు ఈ పాయింట్ పాడైనా దాని వెనకున్నవాటి న్యూట్రల్ తెగదు. కరెంటు ఇచ్చాను. జీఎఫ్‌సీఐ మీట మొదటి నొక్కుకే నిలిచింది. ఆయన ఉదయం పీకేసిన పాత జీఎఫ్‌సీఐ నిక్షేపంగా ఉందని తేలింది. ఆ కొత్తదాని ఖరీదు నా బిల్లులో తగ్గించాను. తప్పు సలహా నాది.

ప్లగ్ పాయింట్లు వచ్చాయి. దీపాలు రాలేదు.

బ్యాటరీ దగ్గర మీటరు పెడితే 10.6 వోల్టులు. నిండుగా ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 పైన చూపించాలి, 12 చుట్టుపక్కలకు వస్తేనే చాలావరకు ఖాళీ అయినట్టు. 10.6 అంటే అడుగంటింది. అది ఖాళీ కావడంలో వింత లేదు. రెండు రోజులుగా స్తంభానికి తగిలించి ఉన్న ట్రైలర్‌లో ఖాళీ కావడం వింత. కన్వర్టర్‌కు 120 వోల్టులు అందుతున్నాయి, దాని బ్రేకర్ వేరు. దాని మీద పక్కపక్కన 40 ఆంపియర్ల ఫ్యూజులు రెండున్నాయి. కార్లలో ఉండే బ్లేడు రకమే. ఈ ఫ్యూజుల నెత్తిన రెండు వైపులా చిన్న లోహపు చుక్కలుంటాయి, పీకకుండానే పరీక్షించడానికి. ఒక చుక్క మీద 13.6, మరో చుక్క మీద 10.6. రెండో ఫ్యూజులోనూ అంతే. కన్వర్టర్ తన పని చేస్తూనే ఉంది, అది తయారుచేసిన కరెంటు ఫ్యూజు దాటి రావడం లేదు. పీకి చూస్తే ఒకదాంట్లో తీగ ఆవిరై మసి పట్టింది. రెండోది కంటికి బాగున్నట్టే ఉంది, మీటరు మాత్రం తెగిందని చెప్పింది. ఫ్యూజును కంటితో చూసి తీర్పు చెప్పకూడదని ఇలాంటివే నేర్పుతాయి.

ఈ రెండు ఫ్యూజులూ కలిసి కాలాయంటే దాదాపు ఒక్కటే కారణం. బ్యాటరీ ప్లస్, మైనస్ తీగలను తారుమారుగా తగిలించడం. వాటిని అక్కడ పెట్టేదే అందుకు. కన్వర్టర్‌ను కాపాడి తాము కాలిపోతాయి.

బ్యాటరీ ఈ మధ్య తీసి పెట్టారా అని అడిగాను. ఆయన ఒక్క క్షణం ఆగాడు. డిసెంబరులో తీసి గ్యారేజీలో చార్జర్ మీద ఉంచానని, గురువారం సాయంత్రం మళ్లీ పెట్టానని చెప్పాడు. "అప్పుడు నిప్పురవ్వ లేచింది కదండీ, వెంటనే మార్చారు" అని ఆయన భార్య గుర్తుచేసింది. నిజమే, ఒక్క సెకను. వెంటనే సరిచేశాడు, దీపాలు వెలిగాయి, అంతా బాగుందనుకున్నాడు. దీపాలు వెలిగింది నిండు బ్యాటరీ మీద. కన్వర్టర్ ఆ సెకనులోనే వేరుపడింది.

ఆయనది నిర్లక్ష్యం కాదు. బ్యాటరీ దగ్గరికి వచ్చే తీగలు రెండు, ఒకటి నలుపు, ఒకటి తెలుపు. కారులో నలుపు అంటే నెగటివ్. మన దేశంలో ఇంటి వైరింగులో నలుపు అంటే న్యూట్రల్. ఏ విధంగా చూసినా నలుపు నెగటివ్‌కే పోవాలనిపిస్తుంది. అమెరికా ఇళ్లలో నలుపు అంటే ఫేజు, తెలుపు న్యూట్రల్. ఇక్కడి ట్రైలర్లు కట్టేవారు 12 వోల్టుల వైపు కూడా చాలావరకు ఆ అలవాటునే కొనసాగించారు. నలుపు పాజిటివ్, తెలుపు నెగటివ్. కారు అలవాటు, ఊరి అలవాటు రెండూ ఉన్న మన మనిషి ఇక్కడ పొరపడకపోతేనే ఆశ్చర్యం. తెల్ల తీగను వెంట పట్టుకుని వెళ్తే అది ట్రైలర్ ఇనుప చట్రానికి బిగించి ఉంటుంది. చట్రానికి వెళ్లేదే నెగటివ్. రంగును నమ్మకుండా అది చూసుకుంటే చాలు.

ఇప్పుడు ఆ రాత్రి మొత్తం నా ముందు వరుసగా నిలబడింది. శుక్రవారం చలి తక్కువ, దీపాలు, పంపు, అలారం వాడకం కొద్దిపాటిది. 80 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఇబ్బంది లేకుండా మోసింది. శనివారం రాత్రి గాలి తిరగ్గానే గ్యాస్ ఫర్నేస్ పని మొదలైంది. గ్యాస్‌తో నడిచేదే అయినా దాని ఫ్యాను 12 వోల్టుల మీద 7 ఆంపియర్ల దాకా తాగుతుంది. చార్జింగు లేని బ్యాటరీ అర్ధరాత్రి దాటేసరికి కుంగింది. దీపాలు మసకబారాయి. ఫర్నేస్‌లో ఒక పలచని రేకు స్విచ్చు ఉంటుంది. ఫ్యాను గాలి బలంగా తోస్తేనే అది మూసుకుని గ్యాస్ వెలగడానికి అనుమతి ఇస్తుంది. వోల్టేజి పడితే ఫ్యాను నీరసంగా తిరుగుతుంది, రేకు కదలదు, గ్యాస్ వెలగదు. చల్లగాలి మాత్రం వస్తూ ఉంటుంది, మిగిలిన బ్యాటరీని తాగుతూ ఉంటుంది. పిల్లలు వణుకుతున్నారు. తల్లిదండ్రులు ఎలక్ట్రిక్ హీటర్ తీసి మంచం పక్కన పెట్టారు. అలాంటి రాత్రి ఎవరైనా అదే చేస్తారు. తెల్లవారేసరికి న్యూట్రల్ పట్టు కాలిపోయింది.

రెండు వేర్వేరు తప్పులు. గురువారం సాయంత్రం నాటి నిప్పురవ్వ ఒకటి, ట్రైలర్ కట్టిన రోజు నుంచి గోడలో ఉన్న బలహీనమైన పట్టు మరొకటి. తీగల ద్వారా వాటికి ఏ సంబంధమూ లేదు. ఆ చలి రాత్రి ఆ రెండింటినీ కలిపింది. "ఒకేసారి పోయాయి" అని ఆయన చెప్పింది అబద్ధం కాదు. నేనే ఏది ముందు మసకబారింది, ఆ తర్వాత మీరు ఏమి చేశారు అని గంటల వారీగా అడగలేదు.

కొత్త ఫ్యూజులు, అవే 40 ఆంపియర్లవి, పెట్టగానే కన్వర్టర్ ఫ్యాను గుర్రుమని లేచింది, దీపాలు వెలిగాయి. బ్యాటరీ దగ్గర వోల్టేజి మెల్లగా ఎక్కడం మొదలైంది. చిన్నపాప ముందుగా ఫ్రిజ్ తెరిచి పెరుగు గిన్నె చూసింది.

సాయంత్రమే ఇంటికి బయలుదేరిపోతామన్నారు. వద్దన్నాను. ట్రైలర్ ట్రక్కు నుంచి ఊడిపోతే తనంతట తాను బ్రేకు వేసుకునే ఏర్పాటు ఒకటుంటుంది. దానికి శక్తి వచ్చేది ఈ బ్యాటరీ నుంచే. అడుగంటిన బ్యాటరీతో హైవే ఎక్కితే ఆ బ్రేకు లేనట్టే. రాత్రంతా చార్జింగులో ఉంచి సోమవారం మధ్యాహ్నం కదలండి, అంతగా కుంగిన బ్యాటరీ కాబట్టి ఊరు చేరాక అది ఇంకా లోడు మోయగలదో లేదో చూసే లోడ్ టెస్ట్ చేయించండి అని చెప్పాను. ఆ రాత్రి ఫర్నేస్ ఆగకుండా నడిచిందని మర్నాడు సందేశం పెట్టారు.

వెళ్లే ముందు పెట్టె లేని పాయింట్లు ఇంకో రెండు విప్పి చూశాను. సోఫా పక్కనున్నది శుభ్రంగా ఉంది. భోజనాల బల్ల కిందిదానిలో న్యూట్రల్ తొడుగు అప్పుడే లేత గోధుమ రంగుకు తిరుగుతోంది. దాన్నీ మార్చాను. మిగిలినవి నాలుగు. మార్చిలో ట్రైలర్ మా ఇంటి దగ్గరికి తీసుకొస్తే అన్నీ మారుస్తానని, అంతవరకు వాటిలో హీటరు, కెటిల్, ఇస్త్రీపెట్టె పెట్టవద్దని, చలి వేస్తే కొత్తగా బిగించిన పాయింట్‌లో హీటర్‌ను తక్కువ మీట మీదే నడపమని చెప్పాను.

పెద్దాయన నా సంచిలోంచి ఎర్ర టేపు అడిగి తీసుకున్నారు. బ్యాటరీ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, నల్ల తీగ కొనకు నాలుగు చుట్లు చుట్టి, బ్యాటరీ మూత లోపల ఒక కాగితం అంటించి తెలుగులో పెద్ద అక్షరాలతో రాశారు: "నలుపు ప్లస్. తెలుపు చట్రానికి."